బరిలో ఉండి వార్తల్లో లేనివాళ్లు



ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో ఒక మాట వినపడుతుంది. "మనకాడ పోటీ ముగ్గురి నడుమనే" అంటారు. అభ్యర్థుల తుది జాబితా తీసి చూస్తే పదిహేను మందో, ఇరవై మందో ఉంటారు. మిగిలినవాళ్లు ఎక్కడికీ పోలేదు. బ్యాలెట్ మీద ఉన్నారు, పత్రికలో లేరు. పార్టీ అండ లేకుండా, డబ్బు లేకుండా, తాతతండ్రుల రాజకీయం లేకుండా నిలబడే మనిషిని మన పత్రికలు, టీవీ చానెళ్లు ఎట్లా చూస్తున్నాయన్నది ఈ పూట నేను మీతో మాట్లాడదలచుకున్న సంగతి.

రామన్నపేట మనిషిని కనుక మన ఉమ్మడి నల్గొండ జిల్లాతోనే మొదలుపెడతాను. అది సొంత జిల్లా అభిమానంతో కాదు. ఈ విషయానికి సంబంధించి దేశంలోనే బరువైన ఉదాహరణ మన జిల్లాలో ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలుసు, ఇప్పటికీ క్విజ్ పోటీల్లో ప్రశ్నలా చెప్పుకుంటాం. మరి వాళ్లెందుకు నిలబడ్డారు? బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడి వయసుకే నడుములు వంగిపోయిన జనం తరఫున నిలబడ్డారు. మర్రిగూడ, మునుగోడు, నార్కట్‌పల్లి, చిట్యాల, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజుల్లో ఏ వీధిలోకి పోయినా కర్ర పట్టుకుని కూర్చున్న మనుషులు కనపడేవాళ్లు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు ఇవ్వండి అని దరఖాస్తులు పెట్టారు, ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు. వినేవాళ్లు లేకపోయారు. అప్పుడు బ్యాంకు ఉద్యోగం వదులుకుని జలసాధన సమితిని నడిపిన దుశర్ల సత్యనారాయణ గారి చొరవతో వందల మంది నామినేషన్లు వేశారు. గెలుస్తామని వేయలేదు. దేశం ఒక్కసారి ఇటు తిరిగి చూస్తుందని వేశారు.

దేశం తిరిగి చూసింది. ఏం చూసింది? బ్యాలెట్ ఎంత పెద్దదో చూసింది. పెట్టెలు ఎన్ని కావాలో, లెక్కింపు ఎన్ని గంటలు పడుతుందో చూసింది. ఫ్లోరైడ్ మాట వార్తలో వచ్చింది, రాలేదని నేను అనను. అయితే అది కారణంగా ఒక వాక్యంలో వచ్చింది, 480 అన్న అంకె శీర్షికలో వచ్చింది. ఈనాటికీ ఆ ఎన్నిక గురించి ఎవరు రాసినా మొదటి వాక్యం అంకెతోనే ఉంటుంది. గెలిచిన సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గారి పేరు చెప్పగలం. ఆ వందల మంది బాధితుల్లో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా? గుర్తుండే అవకాశమే మనకు ఎవరూ ఇవ్వలేదు.

దీని ఫలితం ఏమిటో చూడండి. వార్త ఏ ప్రశ్న అడిగితే సర్కారు దానికే జవాబు చెబుతుంది. బ్యాలెట్ పెద్దదైపోయింది అన్నది ప్రశ్న అయింది కనుక, బ్యాలెట్‌ను చిన్నది చేసే చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టుకల్లా ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి ఒక్కసారిగా 10,000 అయింది. తర్వాత అది 25,000 కూడా అయింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది సంతకాలు కావాలన్నారు. ఉపసంహరణ గడువుకూ పోలింగుకూ మధ్య వ్యవధిని కనీసం 14 రోజులకు తగ్గించారు. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి అదే ఏడాది 1,033 మంది నిలబడ్డారు, కర్ణాటకలో బెల్గాంలోనూ వందల మంది నిలబడ్డారు, కాబట్టి ఈ సవరణకు మన జిల్లా ఒక్కటే కారణమని చెప్పను. అయినా నల్గొండ లేకుండా ఆ సవరణ కథ లేదు. చట్టం కొన్ని నెలల్లో మారింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ 2016లో మొదలైంది. నడుమ ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లు ఎంతమంది పిల్లలు ఆ బోరు నీళ్లే తాగి పెరిగారో తలచుకుంటే నాకు మనసు కుతకుతలాడుతుంది.

ఆ 14 రోజుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. పార్టీ గుర్తు ఏడాది పొడుగునా పార్టీదే. గోడ మీద ఉంటుంది, జెండా మీద ఉంటుంది, కండువా మీద ఉంటుంది. స్వతంత్ర అభ్యర్థికి గుర్తు దొరికేది ఉపసంహరణ గడువు ముగిశాకనే. అంటే రెండు వారాల్లో తన పేరు, తన గుర్తు, తన సమస్య మూడూ జనానికి తెలియాలి. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని నిబంధన ఉంది. ఆ 40 లక్షలు లేని మనిషికి వార్త ఒక్కటే దారి. ఆ దారి మూసుకుపోతే ఆయన నిలబడ్డట్టు కూడా జనానికి తెలియదు.

దారి మూసుకుపోవడం ఒక రకం. దారి తెరిచి, మనిషిని కాక తమాషాను లోపలికి పిలవడం ఇంకో రకం. దానికి మన పక్క ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి కర్నె శిరీష అనే అమ్మాయి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డది. డిగ్రీ చదివినా కొలువు రాక బర్రెలు కొనుక్కున్నానని అంతకు ముందెప్పుడో పెట్టిన ఒక వీడియోతో ఆమెకు బర్రెలక్క అన్న పేరు వచ్చింది. ఆ వీడియో మీద పోలీసు కేసు కూడా నమోదైంది. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది, హైకోర్టు ఆమెకు భద్రత కల్పించమని చెప్పింది. విజిల్ గుర్తు మీద ఆమెకు 5,754 ఓట్లు వచ్చాయి, నాలుగో స్థానంలో నిలిచింది. పేరున్న మూడు పార్టీల తర్వాత, ఏ పార్టీ లేని ఒక పేదింటి ఆడపిల్లకు అన్ని ఓట్లంటే చిన్న విషయం కాదు.

ఆమెకు వార్తల్లో చోటు దొరకలేదని ఎవరూ అనలేరు. రోజూ కెమెరాలే. నేను ఆ ఇంటర్వ్యూలు శ్రద్ధగా చూశాను. బర్రెలు ఎన్ని, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు వెనక ఉండి నడిపిస్తున్నారు, భయం వేయడం లేదా, ఇవే ఎక్కువ ప్రశ్నలు. ఆమె నిలబడ్డది నిరుద్యోగుల కోసం. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ గదుల్లో అద్దెలు కట్టలేక, ఊరికి తిరిగి రాలేక నలిగిపోయిన పిల్లలు మన మండలంలో కూడా ఉన్నారు. కొల్లాపూర్‌లో ఒక నిరుద్యోగి పోటీ చేస్తున్నదంటే, ఆ పక్కనే పరీక్షల క్యాలెండరు పెట్టి, ఖాళీల లెక్క పెట్టి, మూడు పార్టీల అభ్యర్థులనూ ఇదే ప్రశ్న అడిగి ఉంటే అది వార్త. 2024లో ఆమె నాగర్‌కర్నూలు లోక్‌సభ స్థానానికి మళ్లీ పోటీ చేసింది. ఆ సంగతి మీలో ఎంతమందికి తెలుసు? కొత్తదనం పోయింది, కెమెరా పోయింది, సమస్య అట్లానే ఉంది.

2019లో నిజామాబాద్‌లోనూ ఇదే జరిగింది. 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అని నిలబడ్డారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారన్న దృశ్యం దేశమంతా చూసింది. క్వింటాలు పసుపు పండించడానికి ఎంత ఖర్చవుతుందో, మార్కెట్ యార్డులో ఎంత చేతికొస్తుందో ఆ దృశ్యం చూసినవాళ్లలో ఎంతమందికి తెలిసింది?

ఇదంతా విలేకరుల దుర్మార్గం అని తేల్చేస్తే అది అన్యాయం అవుతుంది. మండలంలో వార్త రాసే కంట్రిబ్యూటర్ ఎట్లా బతుకుతాడో ఒకసారి చూడాలి. జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది, అది పెట్రోలుకు కూడా సరిపోదు. దానికి తోడు ప్రకటనల టార్గెట్ ఉంటుంది. పండుగకు ఇంత, పత్రిక వార్షికోత్సవానికి ఇంత, నాయకుడి పుట్టినరోజుకు ఇంత తేవాలి. ఎవరి దగ్గరికి పోయి తెస్తాడు? ప్రకటన ఇవ్వగలవాడి దగ్గరికే. రేపు ఆ మనిషే అభ్యర్థి. ఎదురుగా సైకిల్ మీద వచ్చి కరపత్రం చేతిలో పెట్టే స్వతంత్రుడికి నాలుగు లైన్లు రాయాలని ఆ కంట్రిబ్యూటర్‌కు మనసులో ఉన్నా, జిల్లా డెస్కులో ఆ నాలుగు లైన్లు ఉంటాయన్న నమ్మకం లేదు. గెలిచేవాళ్ల వార్తలు పంపు అన్న మాట పైనుంచి ఎప్పుడో వచ్చి ఉంటుంది. కంట్రిబ్యూటర్ మెడ మీద కత్తి పెట్టి, నిష్పాక్షికంగా రాయలేదేమని అతన్నే అడగడం నాకు ఇష్టం లేదు. అడగవలసింది యాజమాన్యాలను.

2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. డబ్బు కట్టినవాడి ప్రచారం వార్తగా అచ్చవుతోందని, కట్టనివాడి పేరే కనపడకుండా పోతోందని ఆ నివేదిక సాక్ష్యాలతో చెప్పింది. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో లోక్‌సత్తా తరఫున పోటీ చేసిన ఒక అభ్యర్థి, తాను కూడా వార్తల కోసం డబ్బు కట్టానని బయటపడి చెప్పారు. అవినీతి మీద పోరాటమే జెండాగా వచ్చిన పార్టీ అభ్యర్థికే ఆ గతి పట్టిందంటే మిగిలినవాళ్ల సంగతి ఊహించవచ్చు. ఆ తర్వాత ఎన్నికల సంఘం జిల్లా జిల్లాకు మీడియా పరిశీలన కమిటీలు పెట్టింది. ఎవరి గురించి మరీ ఎక్కువ వార్తలు వస్తున్నాయో అవి చూస్తాయి, ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో వేస్తాయి. మంచిదే. ఎవరి గురించి ఒక్క వార్త కూడా రాలేదో చూసే కమిటీ మాత్రం ఈ దేశంలో ఎక్కడా లేదు.

నేను మాట్లాడుతున్న ఈ రేడియో సంగతి కూడా చెప్పకపోతే నా మాటకు విలువ ఉండదు. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఎన్నికల ప్రసంగాలకు సమయం కేటాయించే పద్ధతి 1998 నుంచి ఉంది. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీలకే ఆ సమయం దొరుకుతుంది. గత ఎన్నికల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు ఎక్కువ నిమిషాలు. స్వతంత్రుడికి ఒక్క నిమిషం కూడా లేదు. అమెరికాలో కూడా ఇటువంటి చిక్కుముడే ఉంది. 1992లో రాస్ పెరో అనే స్వతంత్ర అభ్యర్థిని అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చల్లోకి రానిచ్చారు, సుమారు 19 శాతం ఓట్లు వచ్చాయి. 1996లో గెలిచే అవకాశం లేదని చర్చల్లోకి రానివ్వలేదు, ఓట్లు సగానికి సగం పడిపోయాయి. జనంలో బలం ఉంటేనే మైకు ఇస్తాం అంటారు. మైకు లేకుండా బలం ఎక్కడ నుంచి వస్తుంది?

"గెలవనివాడి గురించి రాసి లాభమేమిటి" అని పత్రికల పెద్దలు అంటారు. ఎవరు గెలుస్తారో వాళ్లకు మాత్రం ఏం తెలుసు? 1989లో కల్వకుర్తిలో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారిని కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ గారు ఓడిస్తారని ఎందరు అనుకున్నారు? అదే ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. ఆయన కూడా అప్పుడు రాజకీయానికి బయటి మనిషే. ఆయన పర్యటనలకు ఈనాడు పత్రిక విరివిగా చోటిచ్చింది. పేరున్న బయటి మనిషికి దొరికిన ఆ చోటులో వందో వంతు పేరులేని మనిషికి దొరకాలని అడగడం అత్యాశా?

ఒకప్పుడు మన దగ్గర పేదల పక్షాన నిలిచినవాళ్లు గెలవలేదా అని మీరు అడగవచ్చు. గెలిచారు. 1952లో కమ్యూనిస్టు పార్టీ నిషేధంలో ఉంటే, పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నల్గొండ నుంచి పోటీ చేసిన రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. మన రామన్నపేట నుంచి గుర్రం యాదగిరిరెడ్డి గారు 1985, 1989, 1994లలో వరుసగా మూడుసార్లు సీపీఐ తరఫున గెలిచారు. వాళ్లకు పత్రికల దయ అక్కర లేకపోయింది. ఊరూరా సంఘం ఉంది. పాట ఉంది, బుర్రకథ ఉంది, గొల్లసుద్దులున్నాయి. కబురు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాలినడకన పోయేది. ఈనాడు ఒంటరిగా నిలబడే మనిషికి ఆ సంఘం లేదు. నియోజకవర్గాల పునర్విభజనతో రామన్నపేట స్థానమే లేకుండా పోయి మనం నకిరేకల్‌లో కలిశాం. ఊళ్లు పెరిగాయి, దూరాలు పెరిగాయి. సంఘం చేసిన పనిని పత్రిక చేయవలసిన కాలం ఇది.

పత్రిక ఆ పని చేయగలదని చెప్పడానికి కూడా మన దగ్గరే ఆధారం ఉంది. 1922లో, నిజాం పాలనలో తెలుగుకు విలువే లేని రోజుల్లో, షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్గొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎవరూ గుర్తించని మనుషుల దగ్గరికి వెళ్లి, పేరు అడిగి, ఊరు అడిగి, వాళ్ల మాటను అచ్చువేశారు. పాత్రికేయం అంటే నాకు తెలిసింది అదే.

నేను బడిపంతులుగా ఉన్నప్పుడు ఎన్నికల డ్యూటీలు చేశాను. ముసలివాళ్లు యంత్రం ముందు నిలబడి, కింద ఉన్న పేర్లు చూపించి "వీళ్లెవరు సారూ?" అని అడిగేవాళ్లు. పోలింగ్ అధికారి జవాబు చెప్పరాదు. 2015 నుంచి పేరు పక్కన ఫొటో కూడా వచ్చింది, అయినా ప్రశ్న మారలేదు. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు పైన, మిగతా పార్టీలవి తర్వాత, స్వతంత్రులవి అన్నిటికంటే కింద. ఆ కింది వరసలో ఎవరున్నారో ఓటరుకు బూత్‌లో చెప్పేవాళ్లు లేరు, బూత్ బయట రెండు వారాలుగా చెప్పినవాళ్లూ లేరు. ఏమీ తెలియకుండా వేసిన ఓటును ఎంపిక అని ఎట్లా అంటాం?

స్వతంత్రుల్లో అందరూ సత్యసంధులని నేను చెప్పడం లేదు. ఓట్లు చీల్చడానికి పెద్ద పార్టీలే నిలబెట్టే డమ్మీలుంటారు. ఒకే పేరున్నవాళ్లను వెతికి తెచ్చి నామినేషన్ వేయిస్తారు. 2022 నవంబరులో మన పొరుగున మునుగోడు ఉపఎన్నికలో 47 మంది నిలబడ్డారు. రోడ్డు రోలర్ గుర్తు ఒక పెద్ద పార్టీ గుర్తయిన కారులా కనపడుతోందని గొడవ, ఆ గుర్తును మార్చితే మళ్లీ గొడవ, చివరికి ఎన్నికల సంఘం కల్పించుకుని అధికారిని మార్చింది. నిజమైన అభ్యర్థి ఎవరో, డమ్మీ ఎవరో ఓటరుకు విడమరచి చెప్పడం పత్రిక పని. అఫిడవిట్ ఉంటుంది, ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఫారం 26లో రాసి ఉంటాయి. అది చదివి, ఆ మనిషిని కలిసి, ఊళ్లో విచారించి రాస్తే డమ్మీ బయటపడతాడు, నిజాయితీపరుడు నిలబడతాడు. అందరినీ ఒక్క గంపలో వేసి "ఇతరులు" అని రాస్తే లాభపడేది డమ్మీని నిలబెట్టినవాళ్లే.

కాబట్టి జిల్లా పత్రికల సంపాదకులకు, చానెళ్లకు నా విన్నపం ఇది. గుర్తులు కేటాయించిన రోజు నుంచి పోలింగ్ లోపల, తుది జాబితాలో ఉన్న ప్రతి అభ్యర్థినీ ఒక్కసారి కలవండి. ఎందుకు నిలబడ్డారని అడగండి, చెప్పింది చెప్పినట్టు పది లైన్లు రాయండి. ఆ పది లైన్లకు కంట్రిబ్యూటర్‌కు డబ్బు ఇవ్వండి. ఆకాశవాణి పెద్దలకు, ఎన్నికల సంఘానికి నా విన్నపం: ప్రాంతీయ ప్రసారాల్లో నియోజకవర్గానికి ఒక గంట కేటాయించి, అభ్యర్థులందరికీ సమానంగా పంచండి. గుర్తింపు లేనివాడికి రెండు నిమిషాలు ఇవ్వడం వల్ల గుర్తింపు ఉన్నవాడికి పోయేదేమీ లేదు.

శ్రోతలకు ఒక్క మాట. ఈసారి మీ వాకిట్లోకి కండువా లేకుండా, వెంట జనం లేకుండా ఎవరైనా కరపత్రం పట్టుకుని వస్తే, ఓటు వేస్తామని మాట ఇవ్వనక్కర లేదు. కూర్చోబెట్టి, ఏ సమస్య మీద నిలబడ్డావని అడగండి. మీ ఊరికి వచ్చే విలేకరి కనపడితే, ఆ మనిషి గురించి మీ పత్రికలో ఎందుకు రాలేదని కూడా అడగండి. పత్రిక కొనేది మీరు, అడిగే హక్కు మీకు ఉంది.